వీడ్కోలు పాట

"అరవై మూడేళ్లకి ఇల్లొదిలి సింహాల మధ్య ఉద్యోగమేంటమ్మా? లూసాకాలో మనింటికి పోదాం పద!" అంటూ నా కొడుకు చోల్వే, ఏకంగా ఈ అడవికే వచ్చి కూచున్నాడు.

ఈ సఫారీ క్యాంపుకి నేను మేనేజర్నై ఆర్నెల్లే అయింది. ఉన్న రెండు రోజులూ వంటాయన మ్వాలే చేతి న్షిమా అనే మొక్కజొన్న పిండి ముద్దలు లాగిస్తూనే వాడు నన్ను కాల్చుకుతిన్నాడు.

మూడో రోజు పొద్దున నా పెట్టె జీపులో కనబడేసరికి వాడి మొహం చేటంతయింది.

పనివాళ్లంతా వరసగా నిలబడి, చప్పట్లు కొడుతూ వీడ్కోలు పాట ఎత్తుకున్నారు.

"నువ్వంటే ఎంత ప్రాణమో వీళ్లకి! ఏడుస్తారేమో, తొందరగా ఎక్కమ్మా," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

నేను వెళ్లి వరసలో మ్వాలే పక్కన నిలబడ్డాను.

"పాట నీకురా నాయనా! పెట్టెలో నీ పిల్లలకి ఎండుచేపలున్నాయి, జాగ్రత్త," అని నేనూ గొంతు కలిపాను.