ఇంకొక్క రుజువు

"ఇదీ నిలవదు," అన్నాడు ఎర్గాష్ కళ్లు తెరవకుండానే. "ఇంకోటి ఉంటే చెప్పు."

హోసియత్ చెంచాను సూప్ గిన్నెలో పడేసింది. పొద్దున్నుంచి దేవుడున్నాడని రుజువు చేస్తూనే ఉంది. మంచం దిగకుండానే మొగుడు ఒక్కొక్కటీ కూలదోస్తున్నాడు. ఈలోగా సూప్ చల్లారిపోయింది.

"ఎందుకు నిలవదు? రొట్టె ఉందంటే కాల్చినవాడు ఉన్నట్టే కదా? లోకం ఉందంటే చేసినవాడు ఉండొద్దూ?"

"చేసినవాణ్ని ఎవరు చేశారు?"

"ఆయన్ని ఎవరూ చెయ్యలేదు. ఎప్పుడూ ఉన్నాడు."

"ఎవరూ చెయ్యకుండా ఆయన ఉండగలిగితే, ఎవరూ చెయ్యకుండా లోకమూ ఉండగలదు. మధ్యలో ఇంకొకరు దేనికి?" దగ్గు తెర వచ్చింది. తగ్గాక అన్నాడు: "సూప్ వద్దు. కాస్త టీ పొయ్యి."

"వాదించడానికి మాత్రం ఓపికుంటుంది మీకు."

"మొదలుపెట్టేది నువ్వే కదా."

ఆసుపత్రి వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఊపిరితిత్తుల్లో గడ్డ. ఇక చేసేదేమీ లేదన్నారు. పోయేవాణ్ని ఆపలేనని హోసియత్‌కు తెలుసు. పోయే తీరే ఆమెను నిలవనివ్వడం లేదు.

దేవుడు లేడనే సర్కారు ఉండి, నమాజు చేస్తే ఉద్యోగం ఊడే రోజుల్లో కూడా ఒక్కపూట మానని మనిషి ఎర్గాష్. కూతురు నిగోరాను మట్టిలో పెట్టి వచ్చిన రోజు మానేశాడు. ఇప్పుడు మధ్యాహ్నం కునుకు పట్టినా ఉలిక్కిపడి లేచి ఆమె చెయ్యి పట్టుకుంటాడు. "అక్కడేమీ లేదు హోసియత్. పిల్ల ఎక్కడా లేదు. నేనూ ఉండను," అంటాడు. చెయ్యి చల్లగా ఉంటుంది.

ఒక్కసారి తల ఊపితే చాలు. కూతురి దగ్గరికి వెళ్తున్నాననుకుంటూ వెళ్తాడు. ఆమెకు కావలసింది అంతే.

పక్కింటి కోడల్ని కాసేపు అతని దగ్గర కూర్చోబెట్టి వీధి చివరి మసీదుకు పరుగెత్తింది. అక్కడి ఇమాం కుర్రవాడు. ఈ మధ్యే ఈ కోకంద్ ఊరికి వచ్చాడు. ఆమెను చూడగానే నవ్వాడు.

"మళ్లీ ఓడిపోయారా అమ్మా? దానిమ్మపండు సంగతి చెప్పలేదా?"

"చెప్పాను నాయనా. గింజల్ని అంత పొందిగ్గా పేర్చినవాడేనా తన ఊపిరితిత్తుల్లో ఈ గడ్డని పేర్చింది అన్నారు."

ఇమాం గడ్డం గోక్కున్నాడు. "మీ ఆయన ఏ కాలేజీలో పనిచేశారు?"

"కాలేజీ ఏమిటి? మార్గిలాన్ ఊరికి వెళ్లే బస్సు నడిపేవారు."

"బస్సు నడిపిన మనిషికి ఇవన్నీ ఎక్కడివమ్మా? మా మదరసాలో గురువులు కూడా ఇంత పదునుగా అడగలేదు నన్ను."

"ఆ కాలం అలాంటిది."

"కాలానికి నోరుంటుందా? ఎవరో కూర్చుని నూరిపోశారు. వాడెవడో గాని, రేపు పైన జవాబు చెప్పుకోవాలి."

హోసియత్ తలగుడ్డ ముందుకు లాక్కుంది. "ఉన్నాడో లేడో తేలకుండానే జవాబు చెప్పించేస్తున్నావు. ఇంకోటి చెప్పు. గట్టిది చెప్పు. నాకు టైం లేదు."

ఇమాం నవ్వు పోయింది. ఈసారి ఆలోచించి మరీ చెప్పాడు. ఆమె దాన్ని దారి పొడుగునా నోట్లో నెమరేసుకుంటూ వచ్చింది. పుచ్చకాయల బండి అడ్డమొచ్చినా ఆగలేదు. గుమ్మం దగ్గర మాత్రం ఆగిపోయింది. దీనికి అతను ఏం చెబుతాడో ఆమెకు ముందే తెలిసిపోయింది. అయినా లోపలికి వెళ్లింది. కోడల్ని పంపేసి మంచం పక్కన కూర్చుంది.

"వినండి. నీళ్లే లేని లోకంలో దాహం పుడుతుందా? పుట్టదు. నిగోరాను మళ్లీ చూడాలని మనిద్దరికీ ఇంత దాహం ఉంది. అంటే ఆ చోటు ఉన్నట్టే. ఆ చోటు ఇచ్చినవాడూ ఉన్నట్టే."

ఎర్గాష్ కళ్లు తెరిచాడు. ఆమె ముందుకు వంగింది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. తల కదిలినట్టే అనిపించింది.

"బాగుంది," అన్నాడు. "కానీ ఎడారిలో నాలుక పిడచకట్టి చచ్చినవాడికీ దాహం ఉంది. ఆ దాహం వాడికి ఒక్క చుక్కనైనా పుట్టించిందా? కోరిక కొలిచేది మన లోటునే. లోకాన్ని కాదు."

సరిగ్గా ఆమె అనుకున్న మాటలే. అదే వరసలో.

"చాలు!" హోసియత్ మంచం పట్టె మీద చేత్తో కొట్టింది. "ఆపండి! అవన్నీ ఒట్టి మాటలు. జీతం కోసం ఎవరైనా ఏదైనా చెబుతారు. ఇన్నేళ్లూ వాటిని పట్టించుకోని మనిషికి ఇవాళ అవే వేదమైపోయాయా?"

"అప్పుడు పిల్ల ఉంది. ఏం విన్నా నవ్వొచ్చేది."

"అయితే ఇప్పుడూ నవ్వండి. అవి అబద్ధాలు."

"కాదు. ఆ గొంతు నాకు తెలుసు. ఒక్కచోట తడబడేది కాదు. నమ్మనివాళ్లు అలా చెప్పలేరు." అతను మెల్లగా ఆమె వైపు తిరిగాడు. "పోనీ, నువ్వు చెప్పు. నువ్వు నమ్ముతున్నావా, ఉన్నాడని?"

"నా సంగతి వదిలెయ్యండి. మీరు నమ్మండి."

"ఏడవకు. బాగానే వాదించావు."

"బాగా వాదిస్తే ఎందుకు ఓడిపోతున్నాను?"

అతను ఆమె చేతిని తన రొమ్ము మీదికి లాక్కుని కళ్లు మూసుకున్నాడు.

ముప్పై ఏళ్ల పాటు, కాలేజీలో మర్నాడు చెప్పబోయే 'దేవుడు లేడు' పాఠాన్ని ముందుగదిలో గట్టిగా వల్లెవేస్తుంటే, గోడ అవతల నమాజు చాప మీద కూర్చుని అతను విన్న ఆ గొంతు హోసియత్‌దే.