నిండుగా తిరిగొచ్చిన బాటిల్

“పొద్దున్నించి ఎన్నిసార్లు పోయినవ్?” డాక్టర్ నౌరీన్, మెర్సీ పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి అడిగింది.

ఎనిమిదో తరగతి పిల్ల. పళ్లు బిగబట్టి చెప్పింది. “పది పన్నెండు సార్లు మేడం. వచ్చేది నాలుగు చుక్కలే. కారం పెట్టినట్టు మంట.”

“వేడి చేసింది మేడం,” తల్లి మల్లిక అందుకుంది. “సబ్జా నీళ్లు తాపిన, బార్లీ తాపిన. తగ్గకపాయె. రాత్రి నుంచి చలిజ్వరం, నడుంనొప్పి. మా దిక్కు నీళ్లు మంచియి గావు గద, రాయి గిట్ల ఉన్నదేమో జర జూడుర్రి.”

నల్గొండ దవాఖానలో అందరిలాగే వరుసలో నిలబడి చీటీ రాయించుకుంది గానీ, మల్లిక ఊరికి సర్పంచ్. కుర్చీలో కదిలినప్పుడల్లా ఆమె నడుముకు దోపుకున్న తాళాల గుత్తి గలగలమంటోంది. బీరువా నుంచి పంచాయతీ ఆఫీసు దాకా అన్ని తాళంచెవులూ అందులోనే. గుర్తు కోసం ఒకదానికి ఎర్ర రిబ్బన్ ముక్క కట్టుకుంది.

డాక్టర్ రిపోర్టులు తిరగేస్తుండగా మల్లిక ఫోన్ మోగింది. ఎమ్మెల్యే గారి పీఏ. ఆయన ఎదురుగా ఉన్నట్టే ఆమె లేచి నిలబడింది.

“మళ్లా వాయిదానా సార్? రెండు నెలలాయె. మంచిది సార్, సారును తీరిక జూసుకునే రమ్మనుర్రి. మీరేం ఫికర్ చెయ్యకుర్రి, కొత్తది కొత్తగనే ఉంటది.”

ఆమె ఫోన్ పెట్టేసరికి డాక్టర్ మొహం మారిపోయి ఉంది.

“రాయి లేదమ్మా. వేడీ కాదు. ఇన్ఫెక్షన్. మంట, ఊకె పోవాలనిపించుడు, పొత్తికడుపుల నొప్పి, అన్ని దానివల్లనే. ఇప్పుడు చలిజ్వరం, నడుంనొప్పి గూడ వచ్చినయంటే కిడ్నీ దాక పాకింది. ఈ పిల్లను ఇప్పుడే అడ్మిట్ చెయ్యాలె.”

“కిడ్నీనా?” మల్లిక రిపోర్టుల మీదికి వంగింది. పదమూడేళ్ల పిల్లకు కిడ్నీ జబ్బేమిటి! “నా బిడ్డకు ఏం గాదు గద మేడం?”

“మందులకు తగ్గుతది. కని మళ్లా మళ్లా వస్తే కిడ్నీ ఖరాబైతది. ఎందుకొచ్చిందో తెలవాలె. బిడ్డా, నీళ్లు మంచిగ తాగుతున్నవా?”

“తాగక? దినాం లీటర్ బాటిల్ నింపి బడికి పంపిస్త,” అంది మల్లిక.

సెలైన్ ఎక్కించడానికి నర్సు చేతికి సూది గుచ్చుతుండగా మెర్సీ తల దించుకుంది. “తాగనమ్మా. వచ్చేటప్పుడు మన వాకిట్ల చెట్టుకు పోస్త.”

వాకిట్లో గులాబీ మొక్క ఈ మధ్య ఏపుగా పెరుగుతోందని మొన్ననే మల్లిక మురిసిపోయింది.

“తాగితే వస్తది గద మేడం,” పిల్ల డాక్టరుతో నెమ్మదిగా అంది. “పొద్దుగాల పోతే పొద్దుమీకి ఇంటికొచ్చేదాక ఆపుకోవాలె. ఒక్కొక్కపారి కండ్లెంబడి నీళ్లొస్తయి.”

“గట్ల ఆపుకుంటరా ఎవరన్న? బడిల బాత్రూం లేదా?”

“ఉన్నది. తాళమేసి ఉంటది. ఆడపిల్లలం అందరం ఆపుకుంటం.”

మల్లిక భగ్గున మండిపోయింది. పిల్లలు ఏడుస్తుంటే బాత్రూంకు తాళమా? మనుషులేనా వాళ్లు? అప్పటికప్పుడు బడి హెడ్మాస్టర్ శ్యామలమ్మకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

“టీచరమ్మా, ఊరి సర్పంచును నేనుండంగ నా బిడ్డను చంపుతరా? కిడ్నీ దాక పోయిందంటున్నరు! బాత్రూంకు తాళమేసి పిల్లలను సతాయిస్తరా?”

“అయ్యో! మెర్సీకెట్లున్నది సర్పంచ్ మేడం? గా తాళం గురించి నేను మూడుసార్లు మీ ఇంటికొచ్చి అడిగిన...”

“కథలు చెప్పకు! తాళంచెవి ఎవరి దగ్గరున్నది? పేరు చెప్పు. వాళ్లను కలెక్టరాఫీసు ముందల నిలబెట్టకుంటే నా పేరు మల్లికనే గాదు!”

“మేడం, అది...” అవతల శ్యామలమ్మ నసిగింది.

“నోరు పడిపోయిందా? నువ్వన్న చెప్పు బిడ్డా, భయపడకు. ఎవలేసిర్రు తాళం?”

మెర్సీ సెలైన్ సూది గుచ్చిన చేతిని కదలకుండా పెట్టుకుని, రెండో చేత్తో తల్లి నడుముకున్న గుత్తిని అందుకుంది. ఎర్ర రిబ్బన్ కట్టిన తాళంచెవిని పట్టుకుని అంది.

“నువ్వేనమ్మా. పాత బాత్రూంలు కూలగొట్టి కొత్తయి కట్టినంక, ఎమ్మెల్యే సారొచ్చి రిబ్బన్ కోసేదాక ఎవ్వలు పోవద్దని నువ్వే ఏసుకొస్తివి.”