మొదట పిలిచే పేరు

"నెట్టు దగ్గరికి ఎయ్యొద్దని చెప్తాండా గదప్పా!"

అన్వర్ బాషా కోర్టు మధ్యలో నిలబడి అరిచాడు. గీతల చుట్టూ కూర్చున్న క్యాంపంతా విన్నది.

బుల్లిరాజు ముఖం మాడిపోయింది.

బంతి మాత్రం అవతలి వాళ్ల ఇసుకలో పడి ఉంది. ఆ పాయింటు వీళ్లదే. మ్యాచ్ కూడా వీళ్లదే.

"గెలిచాక కూడా తిట్టడం ఏంటి భాయ్?"

"గెలిచినామంటే నువ్వు బాగా ఎత్తినట్లు కాదు."

అన్వర్ తువ్వాలు భుజాన వేసుకుని గదికి వెళ్లిపోయాడు.

అది కువైట్‌లో ఫహాహీల్ దాటాక ఒక కాంట్రాక్టు కంపెనీ క్యాంపు. శుక్రవారం వస్తే వాలీబాల్. నెట్టు దగ్గర బంతి ఎత్తి ఇచ్చే లిఫ్టర్ బుల్లిరాజు. అమలాపురం వైపు వాడు. టీముకు కెప్టెన్ కూడా అతనే. ఆ బంతిని కొట్టే స్మాషర్ అన్వర్ బాషా. రాయచోటి మనిషి, టీములో అందరికంటే వయసులో పెద్ద. కోర్టులో తిట్టడం తప్ప అతనికి వేరే మాటలు రావని అందరూ అనుకునేవారు.

ఆట కంటే ముందురోజు సందడే ఎక్కువ. గురువారం సాయంత్రం ప్రతి గదీ ఒక ఉత్తుత్తి టీము కట్టేది. గదికొకరు వంతులవారీగా ఆటగాళ్ల పేర్లు పిలుస్తారు. పిలిచిన ఆటగాడు ఆ గదివాడు. మర్నాడు అసలు ఆటలో అతను తెచ్చిన పాయింట్లన్నీ ఆ గదివే. షాట్ పడితే కొట్టినవాడికి ఒకటి, ఎత్తినవాడికి ఒకటి. వెనకబడిన గది గెలిచిన గదికి వండిపెట్టాలి.

ఏ గది వంతు వచ్చినా మొదట పిలిచే పేరు ఒకటే.

"బుల్లిరాజు!"

"ఎవడు కొట్టినా ఎత్తేది ఈడే కదండీ. ఈడుంటే మనకి వంట తప్పినట్టే" అనేవాడు అతని గదిలోనే ఉండే భీమరాజు.

బుల్లిరాజు మీసం దువ్వుకునేవాడు.

ఆ ఏడు చమురు ధర పడిపోయింది. పనులు ఆగిపోయాయి. గదులు ఖాళీ అవుతున్నాయి. కంపెనీ మేనేజరుకు వాలీబాల్ పిచ్చి కాబట్టి ఆటగాళ్లు మిగిలారు. చివరికి వాళ్లకూ గండం వచ్చింది.

క్యాంప్ బాస్ అబ్దుల్ సలాం హైదరాబాదీ. బుల్లిరాజును పక్కకు పిలిచాడు.

"నువ్వు, అన్వర్. ఇద్దర్ల ఒక్కరికే ఇఖామా రెన్యువల్. ఇంకొకరు ఇంటికే. కెప్టెన్‌వి నువ్వే. టీముకు ఎవరు కావాల్నో నువ్వే చెప్పుమన్నడు మేనేజర్."

బుల్లిరాజు ఎక్కువసేపు ఆలోచించలేదు.

"స్మాషర్లు ఏ క్యాంపులో అయినా దొరుకుతారండి. లిఫ్టర్ దొరకడు."

"సోంచాయించి చెప్పు."

"సోంచాయించే చెప్పేనండి."

అన్వర్‌కు ఖలాస్ అయింది.

వెళ్లే రోజు బస్సు మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు.

"రాజూ, బంతి నెట్టుకు రవంత దూరంగా ఎత్తు. నేనుండనింక."

పోతూ పోతూ కూడా పొగరే, అనుకున్నాడు బుల్లిరాజు.

కొత్త స్మాషర్ వచ్చాడు. మలయాళీ. ఆరడుగుల మనిషి. ఎగిరితే మోచెయ్యి నెట్టు దాటేది.

మొదటి బంతి నెట్టులోకి పోయింది. రెండోదీ అంతే. మూడోది మలయాళీ తల వెనక పడింది.

"యార్, బాల్ కిధర్ దే రహా హై?"

"సరిగ్గానే ఎత్తేను. నీకు కొట్టడం రాదు."

మలయాళీ తెల్లబోయాడు. కొట్టడానికి చేతికి బంతి అందితే కదా.

ఓడారు. మరుసటి శుక్రవారం ఇంకో స్మాషర్‌ని దింపారు. మళ్లీ ఓడారు.

ఆ తర్వాతి గురువారం సాయంత్రం గదులన్నీ పేర్లు పిలిచాయి. మలయాళీని పిలిచారు. వెనక వరుసలో బంతి అందుకునేవాళ్లను పిలిచారు. చివరికి కాలు బెణికి కుంటుతున్న మనిషిని కూడా పిలిచారు.

భీమరాజు వంతు వచ్చింది. బుల్లిరాజు వంక చూడకుండా ఇంకెవరి పేరో చెప్పాడు.

"నన్ను వదిలేసేవేంట్రా?"

"ఏవనుకోకురా. పోయిన వారం నిన్ను పిలిచే కదా మేం వండేం."

అందరూ నవ్వారు. బుల్లిరాజు కూడా నవ్వబోయాడు. రాలేదు.

నెల తిరగకుండా అబ్దుల్ సలాం మళ్లీ పిలిచాడు.

"టీము కోసమే నిన్ను ఉంచిండ్రు. టీమే లేకపాయె. నీకు గూడ ఖలాస్. నేనేం చెయ్యలేను భాయ్."

"ఇంకొక్క మ్యాచ్ చూడమనండి. మంచి స్మాషర్‌ని ఇప్పించండి. నా తప్పు కాదండి ఇది."

అబ్దుల్ సలాం తల అడ్డంగా ఊపాడు.

పెట్టె కట్టుకుని బస్సు కోసం గేటు దగ్గర నిలబడ్డాడు బుల్లిరాజు. ఒక కారు వచ్చి ఆగింది. జహ్రాలో ఓ కువైటీ ఇంట్లో డ్రైవర్‌గా చేసే జిలానీ బాషా దిగాడు.

"అన్వరన్న యాడుంటాడప్పా? మాది రాయచోటే. శానా దినాలాయ సూసి."

"వెళ్లిపోయాడండి. టీములోంచి తీసేశారు."

"అన్వరన్ననా? లిఫ్టర్ని తీసేసి ఎట్లాడతారప్పా?"

బుల్లిరాజు విసుక్కున్నాడు. "లిఫ్టర్ని నేనండి. ఆయన స్మాషర్."

జిలానీ బాషా ఒక్క క్షణం అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఓ, నువ్వేనా? మా జిల్లా టీముకు శానా ఏండ్లు ఆయనే లిఫ్టరు. 'ఈడ గోదావరి పిల్లోడొకడుండాడు, వానికి ఎత్తేది తప్ప ఇంకేం రాదు, నేను గూడా లిఫ్టర్నంటే వాన్ని ఇంటికి పంపిస్తారు జిలానీ' అని, ఆ వయసులో కొట్టేది నేర్చుకున్యాడు."