పెరట్లో కూత

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. పెరటివైపు నుంచి పుంజు కూసింది, ఒకసారి కాదు, గొంతెత్తి రెండుసార్లు.

లోర్నా మంచం మీద చటుక్కున లేచి కూర్చుంది. పక్కగదిలోంచి అక్క బెర్నీస్ పరుగున వచ్చింది.

"విన్నావటే?"

"నేనేం, వీధంతా వినే ఉంటుంది."

"రాత్రి దాన్ని కింద నేలమాళిగలో పెట్టావా లేదా?"

"పెట్టానక్కా. పెట్టెలో పెట్టి, దుప్పటి కప్పి, గొళ్ళెం వేశాను. ఆ గొళ్ళెం వదులు. తన్నుకుని బయటపడి ఉంటుంది."

ఆ ఊళ్ళో ఇంటికి ఆరు పెట్టల్ని పెంచుకోవచ్చు. పుంజు మాత్రం కూడదు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే పుంజుతోపాటు పెట్టల్నీ పట్టుకుపోతారు. పోస్టులో కోడిపిల్లల్ని పంపినవాళ్ళు అన్నీ పెట్టలే అని హామీ ఇచ్చిన మాట నిజమే. కానీ గుప్పెడంత పిల్లని చూసి ఎవరు మాత్రం కచ్చితంగా చెప్పగలరు? అందులో ఒకదానికి ఎర్రటి తురాయి లేచింది, తోక వంపు తిరిగింది. అప్పటికే లోర్నాకి దాని మీద ప్రాణం. స్కూలు బస్సు నడపడం మానేశాక ఇల్లు మరీ బోసిపోయిన మనిషి ఆమె. ఇప్పుడు బంగారు రంగు పెట్ట గుడ్ల మీద కూర్చుంది. ఇవాళో రేపో పిల్లలొస్తాయి. అన్నీ పోతాయేమోనని ఆమె భయం.

వీధి తలుపు గంట మోగింది.

"అయిపోయింది," అంది లోర్నా. "నువ్వు కిందికెళ్ళి చూడు. లేకపోతే పెరట్లో వెతికి పట్టుకో."

"పిలవగానే వచ్చి నిలబడ్డానికి అదేమన్నా మీ బావా?" అని గొణుగుతూ బెర్నీస్ మెట్లు దిగింది.

లోర్నా తలుపు తీస్తే పక్కింటి హాగెన్. పైజమా మీద చలికోటు, ముఖం గంటు పెట్టుకుని ఉన్నాడు. టౌన్ కౌన్సిల్లో పుంజులు వద్దని అందరికంటే ముందు చెయ్యెత్తిన మనిషి.

"లోర్నా గారూ, ఇందాకటి ఆ కూత గురించి..."

ఆయన్ని మాట పూర్తి చెయ్యనిస్తే ఏం వినాల్సొస్తుందోనని లోర్నా ముందే అందుకుంది.

"తప్పు నాదే హాగెన్ గారూ. పెట్టలే అన్నారు, నమ్మాను. తీరా పుంజని తెలిశాక కొయ్యడానికి చేతులు రాలేదు. రోజూ రాత్రి కింద చీకట్లో దాచి, అందరూ లేచాక తెస్తున్నాను. ఎవరికైనా ఇచ్చేస్తాను. గుడ్లు పిల్లలయ్యేదాకా ఆగండి, చాలు."

హాగెన్ వరండాలో కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

అప్పుడే బెర్నీస్ పైకొచ్చింది. "నీకంతా కంగారేనే. పుంజు పెట్టెలోనే ఉంది. గొళ్ళెం వేసింది వేసినట్టే ఉంది. మహారాజు ఇంకా నిద్ర కూడా లేవలేదు." హాగెన్‌ని చూసి నాలిక కరుచుకుంది.

లోర్నాకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఎవరూ అడక్కుండానే తనంతట తానే బయటపెట్టుకుంది.

"మరి ఇందాక కూసింది ఎవరిది?"

హాగెన్ నేల చూపులు చూశాడు. "మాది. మీరు పంచిచ్చిన వాటిల్లోదే."

పోస్టులో నాలుగైదు పిల్లల్ని పంపరు. గుంపుగా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటేనే దారిలో ఆ వెచ్చదనానికి బతుకుతాయి. అందుకే ఇరుగుపొరుగు కలిసి ఒక పెట్టె తెప్పించుకున్నారు. లోర్నానే తన వంటింటి బల్ల మీద పెట్టి పంచింది.

"చెయ్యెత్తింది మీరేగా?" అంది బెర్నీస్.

"అప్పటికి అది కూతకు రాలేదండీ. ఇప్పుడు నా భుజమెక్కి కూర్చుంటుంది. మీరు ఫిర్యాదు చేసేస్తారేమోనని బతిమాలుకోవడానికి పరిగెత్తుకొచ్చాను."

లోర్నాకి పోయిన ప్రాణం లేచొచ్చింది. నవ్వు ఆగలేదు. ఆయన్ని లోపలికి పిలిచి కాఫీ పెట్టింది. ముగ్గురూ వంటింట్లో కూర్చున్నారు. అంత రుచిగా కాఫీ తాగి ఆమెకి ఎన్నాళ్ళయిందో.

"మన సంగతి సరే," అన్నాడు హాగెన్. "కంచె అవతల నోవాక్ ఉన్నాడుగా. పోలీసు ఉద్యోగం, పోలీసు బుద్ధి. పోయిన నెల పాస్టరు గారి పుంజునే జీపులో వేసుకుపోయాడు."

"అడిగితే మనకేం వినపళ్ళేదు," అంది బెర్నీస్. "ముగ్గురికీ ముసలి చెవులు."

హాగెన్ జేబులో ఫోను మోగింది. ఆయన భార్య గొంతు వంటింటంతా వినపడింది. "ఊరికే కంగారుపడి వెళ్ళారు. మనది గరాజ్‌లోనే ఉందండీ. కప్పిన గోనె కూడా కదల్లేదు. ఇప్పుడే నేనే లేపాను."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

పెరటి తలుపు ఎవరో మెల్లగా తట్టారు. బెర్నీస్ తీసింది. సగం గుండీలే పెట్టుకున్న యూనిఫాం చొక్కాతో, కాళ్ళకి ఇంటి చెప్పులతో, చంకలో పెద్ద పుంజుతో నోవాక్ నిలబడి ఉన్నాడు.

"హాగెన్ గారూ, మీరూ ఇక్కడే ఉన్నారా, మంచిదే," అన్నాడతను గొంతు తగ్గించి. "దయచేసి ఎవరూ ఫిర్యాదు చెయ్యకండి. చేస్తే దీన్ని పట్టుకుపోవాల్సింది నేనే."