బదిలీ కాగితం

"పెట్టను. చెయ్యి నరికినా పెట్టను," అన్నాడు ఎవారిస్తో అనే ఊరిపెద్ద, బదిలీ కాగితాన్ని బల్ల మీద అవతలికి తోసేస్తూ.

బడి ముందు ఊరంతా కూర్చుని ఉంది. ఊరంటే ముప్పై రెండు గడపలు, అంతే. ఆండీస్ కొండల్లో అంత పైకి వచ్చిన టీచరు బదిలీ అడగాలంటే గడపకో సంతకం కావాలి. అన్నిటికన్నా పైన ఊరిపెద్ద సంతకం ఉండాలి. కాగితం రేపు సాయంత్రానికల్లా పట్నంలో ఆఫీసుకు చేరకపోతే మళ్ళీ ఏడాది దాకా ఆ ఊసే ఎత్తకూడదు. సెనైదా టీచరు అడగడం ఇది మూడోసారి. అడిగిందల్లా ఒక్కటే. పట్నంలో తల్లి మంచాన పడి ఉంది, ఆమె దగ్గర ఉండాలి.

"పదకొండేళ్ళు చేశాను బాబాయ్. ఇంకెంత చెయ్యమంటావు?"

"నువ్వెళితే ఈ చలికి ఇంకెవరొస్తారమ్మా? నీకు ముందొచ్చినాయన మూడోరోజే ఉన్ని లారీ ఎక్కి పారిపోయాడు. పిల్లల్ని మళ్ళీ అల్పాకాల మంద వెంట తోలమంటావా?"

వెనకనుంచి ఆడవాళ్ళూ అందుకున్నారు. బడికి కొత్త రేకులు వేయిస్తామన్నారు. ఆమె గదికి మంచి పొయ్యి కట్టిస్తామన్నారు. ఒకావిడైతే పెళ్ళి సంబంధం కూడా చూస్తానంది. అందరూ నవ్వారు. సెనైదాకు నవ్వు రాలేదు. పొద్దున లేస్తే ఊళ్ళో పిల్లలందరి ముక్కులూ తుడుస్తుంది, కన్నతల్లి నోట్లో ఇంత జావ పోసే యోగం మాత్రం తనకు లేదు. అంతమందిలో ఏడవడం ఇష్టంలేక కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"మా అమ్మ నాకోసం ఎదురుచూస్తోంది బాబాయ్. మీ అమ్మే అయితే ఇట్లాగే అంటావా?"

ఎవారిస్తో కాగితాన్ని ముట్టుకోలేదు. మొండిగా కొండలవైపు చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడే బాసిలియా అవ్వ ఆయాసపడుతూ వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ఇల్లు కదలని మనిషి. జనాన్ని తప్పించుకుంటూ నేరుగా ఎవారిస్తో దగ్గరికెళ్ళి చెవిలో ఏదో చెప్పింది. ఆయన అవ్వ మొహంలోకి ఒకసారి, సెనైదావైపు ఒకసారి చూశాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత కాగితం దగ్గరికి లాక్కుని తన పేరు పూర్తిగా రాశాడు.

"రండి. అందరూ పెట్టండి," అన్నాడు, ఎవరివైపూ చూడకుండా.

అవ్వ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి గుసగుసగా మాట్లాడింది. ఒకరి వెనక ఒకరు బల్ల దగ్గరికొచ్చారు. రాయడం వచ్చినవాళ్ళు సంతకం, రానివాళ్ళు వేలిముద్ర. అరగంటలో ముప్పై రెండూ నిండాయి. పెళ్ళి సంబంధం చూస్తానన్నావిడ సెనైదా చేతులు పట్టుకుని ఎంతకీ వదల్లేదు. సెనైదాకు ఆనందంతో కాళ్ళు నేలమీద నిలవలేదు.

"ఏం చెప్పావవ్వా ఆయనతో? నేను మూడేళ్ళుగా చెప్పినా వినని మనిషి."

"ఏదో చెప్పాన్లే తల్లీ. లారీ వెళ్ళిపోతుంది, నువ్వు పద," అంది అవ్వ. తన నల్ల శాలువా తీసి ఆమె భుజాల చుట్టూ కప్పింది. మొహం పక్కకు తిప్పుకుంది.

లారీలో డ్రైవరు పక్కన కూర్చుని సెనైదా కాగితాన్ని రెండుసార్లు తీసి చూసుకుంది. వెళ్ళగానే అమ్మకు తల దువ్వాలి. ఆమెకిష్టమైన బంగాళాదుంపల పులుసు చేసిపెట్టాలి. ఇక సెలవులకొచ్చినప్పుడే కాదు, రోజూ. ఆ సంతోషంలోనే చిన్న ముల్లు కూడా గుచ్చుకుంది. పదకొండేళ్ళ ఋణాన్ని అరగంటలో తెంచేసుకున్నారే, చివరికి ఒక్కరైనా వెళ్ళొద్దని గట్టిగా అనలేదే అని మనసు చివుక్కుమంది.

మలుపులు దాటాక డ్రైవరు రేడియో పెట్టాడు. ఫోన్లు పలకని ఆ కొండలకు కబుర్లన్నీ రేడియోలోనే వస్తాయి. పెళ్ళిళ్ళు, పురుళ్ళు, తప్పిపోయిన గొడ్లు, ఏదైనా సరే, గంటకోసారి పేరుపెట్టి చదువుతారు. ఎవరిదో ఎద్దు దొరికిందట. ఎవరికో కొడుకు పుట్టాడట. ముక్కూ మొహం తెలియనివాళ్ళ సంతోషానికి కూడా సెనైదా నవ్వుకుంటూ వింటోంది.

"ఇది పొద్దుటినుంచి నాలుగోసారి చదువుతున్నాం," అంది రేడియోలో అమ్మాయి. "కోల్పాపంప ఊళ్ళో టీచరు సెనైదాకు చెల్లెలు పంపిన కబురు. అమ్మ తెల్లవారుజామున పోయింది, సాయంత్రం దాకా ఉంచుతాం, వెంటనే బయల్దేరు. ఈ కబురు విన్న ఊరివాళ్ళు దయచేసి ఆమెకు చెప్పండి."