పక్కన కూర్చునే మనిషి

ములకలపల్లి దాటాక రోడ్డు పక్కనున్న ముసలామె చెయ్యెత్తింది.

"ఇయ్యాల ఆపకు," అంది సుమయ్య.

"ఆమె ఉంటెనే మంచిది మేడం," అని గొణిగాడు ఆటో శ్రీనివాస్.

"ఆపొద్దన్న గద."

అద్దంలో ఎత్తిన చెయ్యి అట్లాగే ఉంది. సుమయ్యకు సిగ్గేసింది. ఆ సిగ్గు మీద కోపం వచ్చింది.

ఆ ముసలామె, పూలి, ఎప్పుడూ అడక్కుండా ఎక్కుతుంది. పొగాకు వాసనతో ఒరుసుకుని కూర్చుంటుంది. కల్లు కోసం గూడెంలో దిగినా తన పక్కనే కూలబడుతుంది. ఒక్క మాటా ఉండదు, ఒక్క పనీ ఉండదు.

ఖమ్మం ల్యాబులో తను పరిశోధిస్తున్న ఈస్టు కూడా ఇట్లాగే విసిగిస్తోంది. చక్కెరను వాడుకునే జన్యువు బాగానే ఉంది. దాన్ని లేపి పనిలో పెట్టాల్సిన ప్రోటీను వచ్చి అంటుకునే ఉంది. అయినా జన్యువు లేవదు. ఈ గూడెం కల్లులోని ఈస్టులో మాత్రం చిటికెలో లేస్తుంది. పోయినసారి తెచ్చిన కల్లు బూజు పట్టింది. వానలు పడితే కల్లు గీయడం ఆగిపోతుంది. ఈలోగా తాజా కల్లు దొరక్కపోతే థీసిస్ లేదు.

"కల్లు సీసాలు చూసి మీ అమ్మ ఏమంటలేదా మేడం?"

"ఇంటికి తీస్కపోతె గద."

"అసలు దాంట్ల ఏం దేవులాడుతున్నరు?"

"కో-యాక్టివేటర్ అని ఒకటుంటది. అది జన్యువును ముట్టదు. లేపేదానికీ పనిచేసేదానికీ నడుమ నిలబడ్తది, అంతే. అది లేకుంటె ఏదీ కదలదు. నా ఈస్టుల అదే లేదని అనుమానం."

గూడెంలో కుండలు తాటిచెట్లకు వేలాడుతున్నాయి. సుమయ్య సీసాలు తీసింది. కల్లు లేదన్నారు. నిన్నటిదైనా చాలంది. అదీ లేదన్నారు. పోయినసారి నవ్వుతూ ముంత వంచినవాడు ఇవాళ ఆమె ముఖం చూడలేదు. సీసాలనే చూశాడు.

ఎండ ముదిరేదాకా బతిమాలి, ఖాళీ సీసాలతో ఆటో ఎక్కింది.

పూలి నిలబడ్డ చోట ఎవరూ లేరు.

"నేనేం చేసిన వీళ్లకు?"

"మీరేం చెయ్యలే మేడం. సీసాలు పట్టుకొచ్చినోళ్లంటేనే వాళ్లకు భయం. పూలవ్వ మీ పక్కన కూసున్నదని ఇన్నిరోజులు పోసిండ్రు. ఇయ్యాల ఆమె రాలే. ఇగ పొయ్యరు."

"ఆమె కూసుంటే వాళ్లకెందుకంత నమ్మకం?"

శ్రీనివాస్ ఆటో వేగం తగ్గించాడు.

"పూలవ్వ చెప్పొద్దన్నది. పోయినేడు ఎవరో గిట్లనే సీసాలల్ల కల్లు పట్కపోయిండ్రు. తెల్లారి ఎక్సైజోళ్ల జీపులొచ్చినయ్. ఆ సప్పుడుకు బెదిరి చెట్టు మీదికెల్లి పడి సచ్చిపోయింది ఆమె కొడుకే మేడం."