వీపు మీద నంబరు

“నాలుగోసారి ఉతుకుతున్నవ్ అమ్మా. గట్ల రుద్దితే గోనెసంచి గూడ చినుగుతది,” అంది హర్షిణి విసుగ్గా.

అరుణమ్మ వినిపించుకుంటేగా. పసుపు టీషర్టును బండ మీద బోర్లా పరిచి, వీపు భాగాన్ని బ్రష్షుతో బరబరా రుద్దుతోంది. అక్కడ పెద్ద పెద్ద నల్లటి అక్షరాలున్నాయి: ‘నర్సింహులు, ఇస్నాపూర్. ఇల్లు మరిచిపోతాడు. దయచేసి ఫోన్ చేయండి.’ కింద ఆమె నంబరు.

“పోయినసారి తెప్పించినయి రెండు ఉతుకులకే పొట్టు లేచినయి. నంబర్ల ఒక్క అంకె పోతే మీ నాయిన దొరుకుతడా?”

“అందుకే కదా అవి వాపస్ పంపి, ఇంకోళ్ల దగ్గర ఆన్‌లైన్ల ఆర్డర్ పెట్టిన. ఇవి మంచియే. జెర నమ్ము.”

ఎలా నమ్ముతుంది? మందుల కంపెనీలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసిన భర్తకు ఇప్పుడు తన గడప తనకే గుర్తుండటం లేదు. ఇప్పటికి రెండుసార్లు హైవే దాకా వెళ్లిపోయాడు. మూడోసారి ఏ లారీ కింద పడతాడోనని ఆమెకు కంటి మీద కునుకు లేదు.

టీషర్టును పిండి, వెలుతురుకు పట్టి చూసింది. గుడ్డను అటూ ఇటూ లాగింది. గోటితో అక్షరాలను గీకింది. ఒక్క అంకె కూడా చెదరలేదు.

“గట్టిదే,” అని ఒప్పుకుంది చివరికి. హర్షిణి ‘హమ్మయ్య’ అనుకుని అక్కడికక్కడే ఫోన్‌లో ఆ టీషర్టుకు ఐదు స్టార్ల రేటింగ్ ఇచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే అరుణమ్మ భర్తకు ఆ టీషర్టు తొడిగింది. మధ్యాహ్నం అన్నం వార్చి వచ్చేసరికి గేటు బార్లా తీసి ఉంది. నర్సింహులు లేడు. తల్లీకూతుళ్లు గల్లీ గల్లీ తిరిగారు. చుట్టుపక్కల కిరాయి గదుల్లో ఉండే వాళ్లందరినీ అడిగారు. రెండు గంటలు గడిచాయి. అరుణమ్మ రోడ్డు పక్కనే కూలబడి ఏడుస్తుంటే ఫోన్ మోగింది.

“అమ్మా, నర్సింహులు మీ మనిషేనా? పటాన్‌చెరు బస్టాండు కాడ, మా చాయ్ హోటల్ ముంగట బెంచి మీద పండుకున్నడు. అంగి మీద నంబర్ చూసి చేస్తున్న.”

“మా మనిషే బిడ్డా. నీ కాళ్లు మొక్కుత, ఏడికి పోనియ్యకు. ఇగో వస్తున్నం.”

ఆటోలో దారి పొడుగునా ఆమె ఏడుస్తూనే నవ్వింది. “చూసినవా? నేను ఊకెనే రుద్దలే,” అంది కూతురితో.

బెంచి మీద అటు తిరిగి పడుకున్న పసుపు వీపు దూరం నుంచే కనిపించింది. ఆటో ఆగకముందే అరుణమ్మ దిగి పరుగెత్తింది. భుజం పట్టి కుదిపింది.

“ఏందయ్యా, గిట్ల పరేషాన్ చేస్తవ్? లే, ఇంటికి పోదాం.”

అతను ఇటు తిరిగాడు. ఎవరో కూలి మనిషి. ఎన్నడూ చూడని ముఖం.

అరుణమ్మ భుజం వదిలి వెనక్కి జరిగింది. హర్షిణే అడిగింది. “ఈ అంగి నీకేడిది?”

అతను కళ్లు నులుముకుంటూ లేచి కూర్చున్నాడు.

“ఒక పెద్దమనిషి ఇచ్చిండు బిడ్డా. ‘నా డ్యూటీ అయిపోయింది, కంపెనీ అంగి గేటు దాటియ్యొద్దు, ఇగ నీ షిఫ్టు’ అని విప్పి నాకు తొడిగి, ఉత్త ఒంటితోని హైవే దిక్కు నడిచిపోయిండు.”